మంట ఆరి నాలుగు రోజులైంది... మరి గాయం ఇప్పుడెందుకు ముదురుతోంది?

అరండల్‌పేట_బావమరిది | #1 | గురువారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇప్పుడు రాయక తప్పట్లేదు. మా బావకి గుంటూరులో బజ్జీల బండి ఉంది, ఇరవై ఏళ్ల అనుభవం. పోయిన ఆదివారం సాయంత్రం బండి చక్రానికి అడ్డం పెట్టిన ఇటుక జారింది, బాండీ ఒరిగి సలసల కాగే నూనె రెండు తొడల మీద, ఎడమ చేతి మీద, కొంచెం పొట్ట మీద పడింది. 18 శాతం కాలింది అన్నారు. వయసు 46, బరువు 70 కిలోలు ఉంటారు, షుగర్ బీపీ ఏమీ లేవు. ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఉన్నారు.

నా టెన్షన్ ఏంటంటే, ఆదివారం రాత్రి ఎడమ తొడ మీద ఒక చోట ఎర్రగా తడితడిగా ఉంది. ఈరోజు కట్టు మార్చేటప్పుడు చూస్తే అదే చోటు పాలిపోయి తెల్లగా ఉంది. కాళ్లు, చేతివేళ్లు బాగా ఉబ్బాయి, ఉంగరం కోసి తీయాల్సి వచ్చింది. జ్వరం 101 దగ్గరే ఉంటోంది. రక్తపరీక్షలో తెల్లకణాలు 19 వేలు, ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే సీఆర్‌పీ చాలా ఎక్కువ. డ్యూటీ డాక్టరేమో "ఇది ఇన్‌ఫెక్షన్ కాదమ్మా, ఇన్‌ఫ్లమేషన్, యాంటీబయాటిక్ ఇప్పుడే వద్దు" అని వెళ్లిపోయారు. నూనె పడింది ఆదివారం, అది చల్లారిపోయింది ఆదివారమే కదా. మరి గురువారం దాకా ఏది కాలుస్తోంది ఈయన్ని? ఎవరికైనా తెలిస్తే మాకు అర్థమయ్యేలా చెప్పండి. అక్కకి నేను సర్దిచెప్పాలి.

కృష్ణలంక_కిట్టు | #2 | రాత్రి 11:05

బ్రదర్ ముందు ఆసుపత్రి మార్చెయ్. జ్వరం ఉంది, తెల్లకణాలు పెరిగాయి, ఇంకా ఇన్‌ఫెక్షన్ కాదంటారేంటి? మా బాబాయికి వేలు తెగితేనే ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | #3 | రాత్రి 11:31

కిట్టు గారూ, కాస్త ఆగండి. డాక్టర్లు యాంటీబయాటిక్ రాస్తే డబ్బుల కోసం అంటాం, రాయకపోతే పట్టించుకోవట్లేదు అంటాం. కాలినవాళ్ల వార్డులో పదకొండేళ్లు చేశాను, నాలుగో రోజు జ్వరం లేని పేషెంటుని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందుజాగ్రత్త పేరుతో మొదటిరోజు నుంచే యాంటీబయాటిక్ ఎక్కిస్తే మిగిలేది ఏ మందుకీ లొంగని క్రిములే. అందుకే వద్దంటారు.

బావమరిది గారూ, రెండు విషయాలు చెప్పండి. నూనె పడగానే ఎన్ని నీళ్లు పోశారు? ఏం పూశారు?

అరండల్‌పేట_బావమరిది | #4 | రాత్రి 11:40

నీళ్లంటే పక్కన తాగడానికి పెట్టిన టిన్నులోవి రెండు మూడు గ్లాసులు పోశారంట. తర్వాత ఎదురు టిఫిన్ సెంటర్ ఆవిడ దోసెల పిండి తెచ్చి పూసింది. ఇంకెవరో టూత్‌పేస్ట్ కూడా పూశారు. అందరూ మంచి ఉద్దేశంతోనే చేశారు మేడం.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | #5 | రాత్రి 11:58

ఉద్దేశం మంచిదే నాన్నా. ఆ పిండి ఎండి అతుక్కుపోతే కడిగేటప్పుడు పేషెంటు పెట్టే కేకలు వినేది మేమే. కుళాయి నీళ్లు, మామూలు చల్లదనం, 20 నిమిషాలు ధారగా. అంతే. ఐస్ వద్దు, పేస్ట్ వద్దు, ఇంకు వద్దు, పసుపు వద్దు. వెంటనే కుదరకపోయినా మూడు గంటల్లోపు పోసినా పనికొస్తుంది. ఇప్పుడు అయిపోయినదాని గురించి బాధపడకండి, చదివేవాళ్ల కోసం రాశాను.

ఆ తెల్లదనం గురించి ఒక మాట. సిల్వర్ క్రీమ్ రాస్తుంటే గాయం మీద తెల్లటి, పసుపు తెలుపు పొర ఒకటి పేరుకుంటుంది, చూసినవాళ్లు చర్మం చచ్చిందనో చీము పట్టిందనో అనుకుంటారు. అదా, నిజంగా లోతు పెరిగిందా అని రేపు అక్కడి సిస్టర్నే అడగండి. లోతు పెరగడమైతే జరుగుతుంది, ఎందుకు జరుగుతుందో మాస్టారు వచ్చి చెప్తారు. మాస్టారూ, నిద్రపోయారా?

పాతలాబ్_మాస్టారు | #6 | శుక్రవారం, ఉదయం 5:20

నిద్రపోయాను, లేచాను, కాఫీ కూడా అయింది. ముప్ఫై ఏళ్లు పాథాలజీ చెప్పినవాణ్ణి, క్లుప్తంగా చెప్పడం రాదు, ఓపికపట్టండి.

బావమరిదీ, నువ్వు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. కాలిన గాయాన్ని మూడు వలయాలుగా చూడమని 1953లో బర్మింగ్‌హామ్ సర్జన్ డగ్లస్ జాక్సన్ రాశాడు. అన్నిటికన్నా లోపలి వలయం అప్పటికప్పుడే చచ్చింది, గుడ్డు ఉడికినట్టు మాంసకృత్తులు గట్టిపడిపోయాయి, దాన్ని బ్రహ్మ కూడా బతికించలేడు. బయటి వలయం ఎర్రగా ఉంటుంది, అది తనంతట తనే మానుతుంది. గొడవంతా మధ్య వలయంతోనే. అక్కడ కణాలు బతికే ఉంటాయి గానీ రక్తప్రసరణ మందగిస్తుంది. రెండు మూడు రోజుల్లో అది బతికి బయటి వలయంలో కలుస్తుందా, చచ్చి లోపలి వలయంలో కలుస్తుందా అన్నది తేలుతుంది. ఆదివారం నువ్వు చూసిన ఎర్రటి చోటు బహుశా ఆ మధ్య వలయం. నూనె దాన్ని చంపలేదు. తర్వాత జరిగినదాంతో దెబ్బతింది.

తర్వాత ఏం జరిగింది? కణం పద్ధతిగా చావడం వేరు, పేలి చావడం వేరు. కాలిన కణాలు పేలతాయి. లోపల ఉండాల్సిన సరుకు, అంటే కణానికి ఇంధనమైన ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 అనే ప్రొటీను, ఆ ఇంధనం తయారుచేసే మైటోకాండ్రియా ముక్కలు అన్నీ బయట పడతాయి. మన రక్షణ కణాలకి వాటి పైన టోల్ గ్రాహకాలు అని కొన్ని ఉంటాయి, క్రిముల ఆనవాళ్లు పట్టే ముక్కుల్లాంటివి. చిత్రమేంటంటే మైటోకాండ్రియా ఒకప్పుడు బ్యాక్టీరియానే, ఎన్నో కోట్ల ఏళ్ల కిందట మన కణాల్లో కాపురం పెట్టింది. దాని డీఎన్‌ఏకి ఇప్పటికీ ఆ వాసన పోలేదు. అది రక్తంలో కనబడితే క్రిమి జొరబడిందనే అనుకుంటాయి ఈ కణాలు. అందుకే ఒక్క క్రిమి లేకపోయినా జ్వరం, తెల్లకణాల పెరుగుదల, సీఆర్‌పీ అన్నీ వస్తాయి. మీ డాక్టరు ఇన్‌ఫ్లమేషన్ అన్నది దీన్నే. అర నిమిషంలో చెప్పి వెళ్లాడు కాబట్టి మీకు ఎక్కలేదు.

మొదట స్పందించేవి చర్మంలోనే కాపలా ఉండే మాస్ట్ కణాలు. నిమిషాల్లో హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి. చల్లటి నీళ్లు పోస్తే మేలు జరగడానికి ఒక కారణం అది కాస్త తగ్గడం. హిస్టమిన్ దెబ్బకి సన్న రక్తనాళాల గోడల్లో సందులు తెరుచుకుంటాయి, రక్తంలోని నీరు, అల్బుమిన్ అనే ప్రొటీను కండలోకి కారిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగింది చూశాం కదా. ఊరు నిండా నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ఇక్కడా అంతే, ఒళ్లంతా ఉబ్బి ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం కొరత.

అరండల్‌పేట_బావమరిది | #7 | ఉదయం 7:15

మాస్టారూ దండం. ఇంకో అనుమానం, మొదటిరోజు పది సీసాల సెలైన్ ఎక్కించారు. అది ఎక్కువై ఉబ్బారేమో అని మా అక్క అంటోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | #8 | ఉదయం 7:48

లెక్క నేను చెప్తా. బరువుకి కిలోకి, కాలిన శాతానికి ఒక్కోదానికి 4 మిల్లీలీటర్లు, పార్క్‌లాండ్ లెక్క అంటారు. 70 ఇంటు 18 ఇంటు 4, మొత్తం 5,040. అరలీటరు సీసాలు పది. సగం మొదటి ఎనిమిది గంటల్లో పోవాలి, అదీ కాలిన టైము నుంచి, అడ్మిట్ అయిన టైము నుంచి కాదు. మూత్రం చూసుకుంటూ పెంచుతారు, తగ్గిస్తారు. ఎక్కువైతే వాపు పెరిగే మాట నిజమే, కానీ ఎక్కించకపోతే కిడ్నీలు పోతాయి. పది సీసాలు అంటే లెక్క ప్రకారమే ఇచ్చారు. అక్కకి చెప్పండి.

కృష్ణలంక_కిట్టు | #9 | ఉదయం 9:02

సరే ఒప్పుకుంటున్నా, తొందరపడ్డా. కానీ మాస్టారూ, హిస్టమిన్ అంటే మొదటి గంటల సంగతి. నాలుగో రోజు దాకా ఎవరు నడిపిస్తున్నారు ఈ యవ్వారం?

నంబూరు_బయోకెమ్ | #10 | మధ్యాహ్నం 1:17

మాస్టారు క్లాసులో దూరుతున్నందుకు క్షమించాలి. నేను నాగార్జున యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చదువుతున్నా, ఇది నా సిలబస్సే, పైగా వచ్చే వారం ఇంటర్నల్స్.

హిస్టమిన్ తలుపు తీస్తుంది, వచ్చేవి న్యూట్రోఫిల్స్. తెల్లకణాల్లో సగానికి పైగా అవే. కొన్ని గంటల్లోనే రావడం మొదలై ఒకటి రెండు రోజుల్లో గుంపుగా చేరతాయి. అవి చేసే పని ఏంటంటే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో ఆక్సిజన్‌కి ఒక ఎలక్ట్రాన్ తగిలిస్తాయి, అది సూపర్ ఆక్సైడ్ అవుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది, అదేనండీ పుండ్లు కడిగితే నురగ వచ్చే మందు. దాన్నీ వదలవు, మైలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము క్లోరైడుతో కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. మున్సిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ పౌడర్ కలిపితే నీళ్లలో క్రిముల్ని చంపేది సరిగ్గా అదే పదార్థం. అంటే మన ఒంట్లో కణమే బ్లీచింగ్ తయారుచేసి చల్లుతోంది. క్రిమి ఉంటే క్రిమి చస్తుంది. లేకపోతే పక్కనున్న మన కణాలే చస్తాయి, వాటికి కళ్లుండవు కదా. పైగా ఎలాస్టేజ్ అని మాంసకృత్తుల్ని కోసేసే ఎంజైము కూడా వదులుతాయి.

ఇంకొకటి, మధ్య వలయంలో రక్తం ఆడక ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏటీపీ విరిగి విరిగి హైపోజాంథిన్‌గా పేరుకుంటుంది. మళ్లీ రక్తం రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ దాన్ని మార్చేస్తూ సూపర్ ఆక్సైడ్ గుమ్మరిస్తుంది. యూరిక్ యాసిడ్ వాళ్లు వేసుకునే అల్లోప్యూరినాల్ ఆపేది ఈ ఎంజైమునే. హిస్టమిన్ దీన్ని ఇంకా ఎగదోస్తుంది. వేడికి పగిలిన ఎర్రకణాల నుంచి ఇనుము వస్తుంది, ఇనుము పెరాక్సైడుతో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్, దాన్ని ఆపే ఎంజైమే ఒంట్లో లేదు.

ఇవన్నీ కణాల పైపొరల్లోని కొవ్వుల్ని ఆక్సీకరణ చేసి పాడుచేస్తాయి. దీన్ని లిపిడ్ పెరాక్సిడేషన్ అంటారు. బావగారి భాషలో చెప్పాలంటే నూనె ముక్కిపోవడం! పాత నూనె ముక్క వాసన రావడానికి వెనక ఉన్న రసాయన చర్య, ఈయన తొడలో కణాల పొరల్లో జరుగుతున్న చర్య ఒకే కుటుంబం. ఒక కొవ్వు అణువు పాడైతే అది పక్కదాన్ని పాడుచేస్తుంది, గొలుసులా పోతుంది. మామూలు రోజుల్లో గ్లూటాథయోన్, విటమిన్ ఇ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఆ గొలుసు తెంపుతాయి. ఇప్పుడు వాటి నిల్వలే అయిపోతున్నాయి.

పాతలాబ్_మాస్టారు | #11 | మధ్యాహ్నం 3:40

ఇంటర్నల్స్‌లో ఇలాగే రాయి అబ్బాయ్, ముక్కిన నూనె పోలిక నేను ముప్ఫై ఏళ్లలో చెప్పలేదు, సిగ్గుపడుతున్నా.

ఒకటి కలుపుతాను. న్యూట్రోఫిల్ చచ్చేటప్పుడు తన డీఎన్‌ఏనే వలలా విసిరి పోతుంది, దీన్ని 2004లో గుర్తించారు, నేను చదువుకునేటప్పుడు ఈ సంగతే లేదు. వల క్రిముల్ని పడుతుంది గానీ సన్న నాళాల్లో పడితే రక్తం గడ్డలూ కడుతుంది. న్యూట్రోఫిల్స్ గోడలకి అతుక్కుని కేశనాళికల్ని మూసేయడం కూడా ఉంది. కుందేళ్లలో ఆ అతుక్కోవడాన్ని యాంటీబాడీతో ఆపితే మధ్య వలయం చాలావరకు మిగిలింది. మనుషుల్లో అది వైద్యంగా నిలవలేదు. కిట్టూ, ఇదే నీ ప్రశ్నకి జవాబు. నాళం మూసుకుపోతే ఆక్సిజన్ అందదు, కణాలు చస్తాయి, చచ్చినవి మళ్లీ కబురు పంపుతాయి, కొత్త న్యూట్రోఫిల్స్ వస్తాయి. ఆక్సీకరణ వల్ల కణంలో ఎన్‌ఎఫ్ కప్పా బి అనే మీట నొక్కుకుని టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్లు తయారవుతాయి, అవి ఇంకా న్యూట్రోఫిల్స్‌ని రెచ్చగొడతాయి. ఐఎల్-6 కాలేయానికి చేరితే సీఆర్‌పీ, మెదడుకి కబురు చేరితే జ్వరం. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగాలో తెలియకుండా తిరుగుతుంది.

హెల్దీలైఫ్_గుంటూరు | #12 | సాయంత్రం 4:10

యాంటీఆక్సిడెంట్ లోపమే అన్ని రోగాలకి మూలం!! మా సహజ పండ్ల రసం 30 రోజులు వాడితే కాలిన మచ్చ కూడా ఉండదు. ఇంటికే డెలివరీ, కాల్ చేయండి (మోడరేటర్: నంబరు, లింకు తీసేశాం. ఇంకోసారి అమ్మకం పోస్టు పెడితే ఐడీ ఉండదు.)

కృష్ణలంక_కిట్టు | #13 | సాయంత్రం 4:25

రసం వాళ్ల సంగతి సరే, కానీ మాస్టారూ లాజిక్ అయితే కరెక్టే కదా. ఆక్సీకరణ వల్ల నష్టం, కాబట్టి యాంటీఆక్సిడెంట్ గట్టిగా ఇస్తే అయిపోయె. విటమిన్ సి టాబ్లెట్లు పది రూపాయలకి దొరుకుతాయి.

పాతలాబ్_మాస్టారు | #14 | సాయంత్రం 6:05

ఈ లాజిక్‌తో పెద్ద పెద్దవాళ్లే బోర్లాపడ్డారు, నీ తప్పేం లేదు.

విటమిన్ సి సంగతి తీసుకో. 2000లో జపాన్ వాళ్లు చాలా ఎక్కువ కాలినవాళ్లకి మొదటి 24 గంటలూ కిలోకి గంటకి 66 మిల్లీగ్రాముల చొప్పున నరంలోకి ఎక్కించారు. సెలైన్ అవసరం బాగా తగ్గింది, వాపు తగ్గింది. 70 కిలోల మనిషికి లెక్కకట్టు, రోజుకి 110 గ్రాములు దాటుతుంది. నీ పది రూపాయల టాబ్లెట్‌లో ఉండేది అర గ్రాము. అదీ మొదటి గంటల్లోనే మొదలవ్వాలి. పైగా అంత మోతాదులో ఆక్సలేట్ స్ఫటికాలు చేరి కిడ్నీ దెబ్బతినొచ్చు, వేలికి సూది గుచ్చి చూసే షుగర్ మెషీన్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, నిజమనుకుని ఇన్సులిన్ ఇస్తే ప్రాణాల మీదికి. కొన్ని కేంద్రాల్లో ఇస్తారు, చాలాచోట్ల ఇవ్వరు. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం కథా అంతే, గ్లూటాథయోన్ తయారీకి పనికొస్తుందని బోలెడు ఆశపెట్టుకున్నారు, 2022లో సుమారు 1,200 మంది మీద చేసిన పెద్ద ట్రయల్‌లో ఆసుపత్రి నుంచి త్వరగా ఇంటికి వెళ్లింది లేదు.

ఇంకా లోతైన మాట ఒకటుంది. న్యూట్రోఫిల్స్‌లో ఆ సూపర్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము పుట్టుకతోనే పనిచేయని పిల్లలున్నారు. వాళ్లకి ఆక్సీకరణ గొడవ లేదు కాబట్టి హాయిగా ఉంటారనుకుంటున్నావా? చిన్నప్పటి నుంచీ గడ్డలు, న్యుమోనియాలు, ఫంగస్‌లు. క్రిమిని చంపే ఆయుధమే లేదు మరి. చర్మం ఊడిపోయి తలుపుల్లేని ఇల్లులా ఉన్న మనిషికి ఆ ఆయుధాన్ని పూర్తిగా లాగేసుకోవడం తెలివైన పని కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నదే చిక్కు. ఆ చిక్కు ఇంకా విడలేదు.

అరండల్‌పేట_బావమరిది | #15 | శుక్రవారం, రాత్రి 9:30

ఈరోజు అక్కడి సిస్టర్‌ని అడిగా. పొట్ట మీద, చేతి మీద తెల్లగా ఉన్నది క్రీమ్ పొరేనంట, తుడిస్తే కింద గులాబీగానే ఉంది. ఎడమ తొడ మీద మాత్రం అరచేయి అంత రెండు చోట్ల నిజంగానే లోతు పెరిగిందంట. రేపు ఆ చచ్చిన చర్మం కోసేసి, కుడి తొడ బయటి వైపు నుంచి పల్చగా చర్మం తీసి అతికిస్తామన్నారు. మానుతున్న మనిషిని మళ్లీ కోయడమేంటని మా బావ వాళ్లమ్మ సంతకం పెట్టనివ్వట్లేదు.

ఇంకో గొడవ, తిండి. వాళ్లమ్మ పత్యం పెట్టేసింది. గుడ్డు వద్దు, పప్పు వద్దు, వంకాయ వద్దు, తింటే చీము పడుతుందంట. మూడు రోజుల నుంచి బ్రెడ్డు, పాలు, ఇడ్లీ. మెనూ ఇచ్చిన మేడం తిట్టి వెళ్లింది, ఈవిడ వినదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | #16 | రాత్రి 10:10

ఇది చూస్తేనే నాకు బీపీ పెరుగుతుంది. ఆవిడతో గొడవపడకండి, కొడుకు కదా, భయం ఉంటుంది. ఇలా చెప్పండి. గాయం నుంచి రోజూ కారే రసి ఉత్త నీరు కాదు, అందులో మాంసకృత్తులు పోతున్నాయి, జింకు, రాగి, సెలీనియం పోతున్నాయి. ఆ అబ్బాయి చెప్పిన యాంటీఆక్సిడెంట్ ఎంజైములు పనిచేయాలంటే కావలసినవే అవి. టాబ్లెట్ల కోసం వెతుక్కునేవాళ్లు ముందు కంచంలో చూడాలి. ఇలాంటి పేషెంటుకి రోజుకి కిలోకి ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ కావాలి. బావగారికి 105 నుంచి 140 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు. ఇడ్లీతో ఎక్కడికి వస్తుంది? తినకపోతే ఒళ్లు సొంత కండల్ని కరిగించి వాడుకుంటుంది, పడుకున్నా పరిగెత్తినంత ఖర్చు చేస్తూ ఉంటుంది శరీరం ఇప్పుడు. గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్, చేపలు అన్నీ పెట్టండి. చీము వచ్చేది క్రిమి వల్ల, పప్పు వల్ల కాదు. నేను ఇదే మాట వార్డులో వెయ్యిసార్లు చెప్పా, కొందరు నా ముందు తలూపి నేనటు తిరగ్గానే గుడ్డు తీసి పక్క మంచానికి ఇచ్చేవాళ్లు.

పాతలాబ్_మాస్టారు | #17 | శనివారం, ఉదయం 5:35

ఆపరేషన్ గురించి పెద్దావిడకి ఈ ముక్క వినిపించు. చచ్చిన చర్మం ఊరికే కూర్చోదు, నేను మొదట చెప్పిన ఆ కబుర్లు పంపుతూనే ఉంటుంది. అది ఉన్నంతసేపూ న్యూట్రోఫిల్స్ వస్తాయి, క్రిములకి అదే భోజనం. పాత రోజుల్లో అది తనంతట తనే ఊడేదాకా వారాలు ఆగేవాళ్లు, ఈలోగా ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్ వచ్చి పోయేవాళ్లు పోయేవాళ్లు. యుగోస్లావియాలో యాంజెకోవిచ్ అనే మహిళా సర్జన్ మొదటి కొన్ని రోజుల్లోనే పొరలు పొరలుగా చెక్కి, అదే రోజు చర్మం అతికించడం మొదలుపెట్టి 1970లో ప్రచురించింది. అప్పటినుంచి దారి మారింది. నన్నడిగితే విటమిన్ల కంటే, ఏ ఇంజెక్షన్ కంటే ఇన్‌ఫ్లమేషన్‌ని ఎక్కువగా తగ్గించే మందు ఆ కత్తే. మీ డాక్టర్లు ఆరో రోజుకే అంటున్నారంటే పద్ధతి తెలిసినవాళ్లే.

ఉండవల్లి_పిన్ని | #18 | ఉదయం 8:20

నేనూ కాలినదాన్నే నాయనా, స్టవ్ పేలి, ఇరవై ఆరేళ్లయింది. మాస్టారు చెప్పింది ఇప్పుడు చదువుతుంటే నాకు ఆరోజుల్లో ఏం జరిగిందో ఇప్పటికి తెలిసింది. మా అత్తగారు కూడా పప్పు పెట్టలేదు. రెండు నెలలకి మంచం దిగాను, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఆవిణ్ణి తప్పుపట్టను, ఆవిడకి తెలిసింది అదే. మీ పెద్దావిడతో మాట్లాడమంటే ఫోన్లో మాట్లాడతాను, కాలినదాని మాట వింటుందేమో.

అరండల్‌పేట_బావమరిది | #19 | ఆదివారం, రాత్రి 8:45

పిన్ని గారి ఫోనుతో పనైంది!! సంతకం పెట్టారు, నిన్న ఆపరేషన్ అయింది. ఈరోజు రెండు గుడ్లు తిన్నారు, పెద్దావిడే వలిచి పెట్టింది. జ్వరం 100కి దిగింది.

తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి చుట్టాలంతా రేపు చూడ్డానికి వస్తామంటున్నారు, రానివ్వచ్చా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | #20 | రాత్రి 9:15

వద్దు. వద్దంటే వద్దు. వీడియో కాల్ చేయమనండి.

ఎందుకో కూడా చెప్తా, లేకపోతే నన్ను గయ్యాళి అంటారు. మొదటి వారం ఎగిరెగిరి పడిన రక్షణ వ్యవస్థ తర్వాత డీలా పడుతుంది. ఎక్కువ కాలినవాళ్లలో మరీ ఎక్కువ. టీ కణాలనే తెల్లకణాలు తగ్గుతాయి, ఎముక మజ్జ పచ్చి న్యూట్రోఫిల్స్‌ని తోలేస్తుంది, అవి గుంపుగా ఉంటాయి గానీ పని సరిగా చేయవు. అసలు ఇన్‌ఫెక్షన్ భయం ఇప్పటి నుంచే. కాబట్టి జ్వరం ఒక్కటే చూడకండి. మూత్రం తగ్గడం, మనిషి తికమకగా మాట్లాడటం, ఆయాసం, తింటున్న మనిషి ఉన్నట్టుండి తిండి మానేయడం, కడుపుబ్బరం, గాయం మీద నల్లటివో పచ్చటివో మచ్చలు, కొత్త వాసన, షుగర్ లేని మనిషికి షుగర్ పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, జ్వరం 102 దాటడం లేదా ఒళ్లు చల్లబడిపోవడం. వీటిల్లో ఏది కనబడ్డా రాత్రి రెండైనా సిస్టర్‌ని లేపండి, మొహమాటపడొద్దు. అప్పుడు వాళ్లే ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి తీసి యాంటీబయాటిక్ మొదలుపెడతారు, కిట్టు గారి కోరికా తీరుతుంది.

కృష్ణలంక_కిట్టు | #21 | రాత్రి 9:22

ఇంకా నన్ను వదల్లేదా మేడం 😅

నంబూరు_బయోకెమ్ | #22 | రాత్రి 11:50

చచ్చినవాటిని మింగే రక్షణ కణాలు, మాక్రోఫేజ్‌ల గురించి ఎవరూ రాయలేదు, అది లేకుండా వదిలేస్తే మా మేడం మార్కులు కోస్తారు. మొదట్లో ఇవి కూడా టీఎన్ఎఫ్ చిమ్ముతూ గొడవలో చేరతాయి. తర్వాత చచ్చిన న్యూట్రోఫిల్స్‌ని మింగడం మొదలుపెడతాయి. ఆ మింగడమే వాటి స్వభావం మారుస్తుంది, ఐఎల్-10, టీజీఎఫ్ బీటా లాంటి సంకేత ప్రొటీన్లు వదిలి కొత్త నాళాలకి, కొలాజెన్‌కి పని అప్పజెప్తాయి. కూల్చేవాళ్లే కట్టే మేస్త్రీలు అవుతారన్నమాట. ఆ మార్పు ఆలస్యమైతే గాయం ఎర్రగా రగులుతూనే ఉంటుంది. ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతకాలం ఈ మార్పు సాఫీగా జరగదు.

అరండల్‌పేట_బావమరిది | #23 | మూడు వారాల తర్వాత

ఆలస్యంగా రాస్తున్నా, తప్పుగా అనుకోకండి. అతికించిన చర్మం పట్టింది, ఒక మూల చిన్న ముక్క తప్ప. మిగతా చోట్ల గ్రాఫ్ట్ లేకుండానే మానింది. ఇంటికి వచ్చి వారమైంది. బండి తీస్తానని అప్పుడే అంటున్నారు, అక్క చక్రాలు ఊడదీయించింది.

బాధ ఏంటంటే దురద. రాత్రిళ్లు నిద్ర లేదు, గీరి గీరి రక్తం వస్తోంది. నొప్పి పోయింది గానీ ఈ దురద నొప్పి కంటే హీనంగా ఉంది అంటున్నారు.

పాతలాబ్_మాస్టారు | #24 | ఉదయం 5:15

మొదలుపెట్టినవాళ్లే చివరిదాకా ఉన్నారు. మాస్ట్ కణాలు. మానుతున్న మచ్చలో అవి ఎక్కువగా చేరి హిస్టమిన్ వదులుతుంటాయి, కొత్తగా మొలిచే నరాలూ దానికి తోడు. మూడు వారాలు దాటి మానిన చోట మచ్చ ఉబ్బే అవకాశం ఎక్కువ, దురదా అక్కడే ఎక్కువ. డాక్టరుని అడిగి దురద మాత్ర రాయించుకోండి, అలర్జీ మాత్రతో తగ్గకపోతే నరాలకి పనిచేసే వేరే మందులున్నాయి. బిగుతుగా ఉండే తొడుగు కొలత ఇచ్చి కుట్టించమన్నారా?

అరండల్‌పేట_బావమరిది | #25 | ఉదయం 7:40

కొలత తీసుకున్నారు మాస్టారూ, శుక్రవారం ఇస్తారంట. రోజుకి 23 గంటలు వేసుకోవాలన్నారు. ఈ ఎండల్లో ఎలాగో.

ఉండవల్లి_పిన్ని | #26 | ఉదయం 8:05

వేసుకోమను నాయనా, నేను వేసుకోలేదు, నా చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేను. పూర్తిగా మానిన చోట కొబ్బరినూనె రోజుకి మూడుసార్లు రాయండి, పుండు ఉన్న మూల మాత్రం తాకొద్దు. గోళ్లు కత్తిరించు. రాత్రి దురద లేస్తే గీరకుండా తడిగుడ్డ వేసి అరచేత్తో మెల్లగా తట్టమను.